దాచిందెవరు?

హేతువాదులు కాలక్షేపం పుస్తకాలు చదవొచ్చా?

ప్రశ్న వింటే నవ్వొస్తుంది గానీ, మనవాళ్లలో చాలామందికి ఇది నిజంగానే ఉన్న సందేహం. కోవూర్ చదవాలి, ఇంగర్‌సాల్ చదవాలి, రస్సెల్ చదవాలి, గోరా చదవాలి, త్రిపురనేని రామస్వామి చదవాలి. సరే, బాగుంది. కానీ ఓ ప్రేమ జంట, ఓ పాతకాలపు ఇల్లు, అందులో ఎక్కడో దాచిన నిధి, దాన్ని వెతికిపెట్టే ఓ ముసలావిడ... ఇలాంటి సరదా కథ చేతిలో కనిపిస్తే మాత్రం "మీరు కూడానా?" అన్నట్టు చూస్తారు. సమాజంలో ఇంత మూఢత్వం పేరుకుపోయి ఉంటే ఈ పిల్లచేష్టలేమిటని వాళ్ల బాధ.

నా అభిప్రాయం దీనికి పూర్తిగా వ్యతిరేకం. అలాంటి కథలు చదవొచ్చు అనడం కాదు, చదవాలి అంటాను. మన కరపత్రాలు పదిసార్లు చెప్పినా ఒంటబట్టని ఒక అలవాటుని అవి చడీచప్పుడు లేకుండా నేర్పుతాయి. ఆ అలవాటేమిటో చెప్పడానికే ఈ వ్యాసం.

ఇంగ్లీషులో వీటిని "కోజీ మిస్టరీ"లు అంటారు. రక్తపాతం ఉండదు, ఉన్నా మన కళ్లముందు జరగదు. కథ ఒక చిన్న ఊళ్లోనో ఒక ఇంట్లోనో నడుస్తుంది. అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే. చిక్కుముడి విప్పేది పోలీసు కాదు, పక్కింటావిడో పెన్షన్ తీసుకుంటున్న మేష్టారో. టీ తాగుతూ, స్వెట్టర్ అల్లుకుంటూ విప్పేస్తారు. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్‌తో పెరిగిన మనకి ఇది కాస్త చప్పగా అనిపించొచ్చు. పిస్తోళ్లు లేవు, కార్ల వెంటపడటాలు లేవు. ఉన్నదల్లా ఆలోచన.

ఒక్క కథ తీసుకుందాం. అగాథా క్రిస్టీ రాసిన "స్ట్రేంజ్ జెస్ట్". "వింత పరిహాసం" అనుకోండి. 1941లో ఒక అమెరికన్ వారపత్రికలో మొదట వచ్చింది. బ్రిటన్‌లో పుస్తకంగా వచ్చింది మాత్రం 1979లో, అంటే ఆవిడ చనిపోయిన మూడేళ్లకి. గట్టిగా గంటలో చదివెయ్యొచ్చు. ముందే చెప్తున్నాను, ముగింపు కూడా చెప్పేస్తాను. చదవని వాళ్లు, చదవాలనుకునే వాళ్లు ముందు కథ చదువుకుని తర్వాత ఇటు రండి.

చార్మియన్, ఎడ్వర్డ్ అని ఓ కుర్ర జంట. పెళ్లి చేసుకోబోతున్నారు. తాత వరసయ్యే మాథ్యూ అంకుల్ అనే బ్రహ్మచారి ముసలాయన తన ఇల్లూ ఆస్తీ ఇద్దరికీ కలిపి రాసి పోయాడు. తీరా చూస్తే ఇల్లుంది గానీ డబ్బు లేదు. ఆయనకి బ్యాంకులంటే నమ్మకం లేదు. డబ్బుని బంగారం చేసి పెరట్లో పాతిపెట్టుకోవాలని ఎప్పుడూ చెబుతుండేవాడు. బతికుండగా పెద్ద పెద్ద మొత్తాలు బ్యాంకు నుంచి తీసేశాడు, వాటినేం చేశాడో ఎవరికీ తెలీదు. పోయే ముందు వీళ్లిద్దర్నీ చూసి, తన కంటి మీద వేలితో తట్టి, కన్నుగీటి పోయాడు. అంతే. డబ్బు దొరక్కపోతే ఇల్లు అమ్ముకోవాల్సిందే. వీళ్లు తోటంతా తవ్వేశారు. ఇంట్లో ప్రతి మూలా వెతికేశారు. ఏమీ దొరకలేదు. అప్పుడు ఒక స్నేహితురాలు మిస్ మార్పుల్ అనే ముసలావిడని పరిచయం చేస్తుంది.

ఈ మిస్ మార్పుల్ వచ్చి ఏం చేస్తుందనుకున్నారు? పలుగూ పారా పట్టుకోదు. భూతద్దం కూడా పట్టుకోదు. ముందు ఆ ముసలాయన ఎలాంటివాడో అడుగుతుంది. అడిగి, తన హెన్రీ అంకుల్ గురించి చెప్పడం మొదలుపెడుతుంది. ఆయనా బ్రహ్మచారే, ఆయనకీ పరాచికాలంటే ఇష్టమే. ఎడ్వర్డ్‌కి విసుగొస్తుంది. నిధి గురించి అడిగితే ఈవిడ చుట్టాల కబుర్లు చెబుతుందేమిటని. కానీ ఆ కబుర్లే దారి. అలాంటి మనుషులు రహస్యపు సొరుగులున్న బల్లల మీద మోజు పడతారని ఆవిడకి తెలుసు. ఆ ఇంట్లో అలాంటి బల్ల ఉంది. సొరుగు వెనక ఇంకో రహస్యపు అర కూడా ఉంది. అందులో దొరికినవి రెండే: ఒక కట్ట ప్రేమలేఖలు, ఒక పంది మాంసం వంటకం ఎలా చేయాలో రాసిన కాగితం.

ప్రేమలేఖలు రాసింది బెట్టీ మార్టిన్ అనే అమ్మాయి. దూరదేశాల నుంచి, హవాయి నుంచి రాసింది. కుర్ర జంట మనసు కరిగిపోయింది. పాపం, ముసలాయన ఇందుకే పెళ్లి చేసుకోలేదన్నమాట! విఫల ప్రేమ!

మిస్ మార్పుల్ కరగలేదు. పాత ఇంగ్లీషు వ్యవహారంలో "కన్నూ, బెట్టీ మార్టినూ" అంటే ఉత్తిదే, అబద్ధం అని అర్థం. ముసలాయన కన్ను తట్టింది అందుకు. ఆ వంటకం పేరు కూడా పాత వాడుకలో "సోది కబుర్లు" అనే అర్థమే ఇస్తుంది. అంటే ఉత్తరాల్లో ఉన్నదంతా ఉత్తిదే, ఆ అమ్మాయీ ఉత్తిదే. మరి ఉత్తిది కానిదేది? ఉత్తరాలు వచ్చిన కవర్లు. వాటి మీదున్న పాత స్టాంపులు. అందులో ఒకటి 1851 నాటి హవాయి రెండు సెంట్ల స్టాంపు. స్టాంపులు సేకరించేవాళ్లు "మిషనరీ" స్టాంపులని పిలిచే ఈ రకం నిజంగా ఉన్నదే. రెండు సెంట్లది ప్రపంచం మొత్తంలో పట్టుమని ఇరవై కూడా లేవు. బ్యాంకులోంచి తీసిన సొమ్మంతా ముసలాయన అలాంటి స్టాంపుల్లోకి మార్చేశాడు. నిధి దొరికింది, ఇల్లు నిలిచింది, పెళ్లి ఖాయం. శుభం.

ఇంతే కథ. ఇందులో హేతువాదానికేం పని అంటారా? చూడండి.

కుర్రవాళ్లు "నిధి ఎక్కడుంది?" అని అడిగారు. అలా అడిగితే ప్రపంచమంతా తవ్వాలి. మిస్ మార్పుల్ "దాచిందెవరు?" అని అడిగింది. అలా అడిగితే వెతకాల్సిన చోటు ఒక్క బల్ల దగ్గరికి కుదించుకుపోయింది. ఎవరు దాచారు, వాళ్లకి ఎక్కణ్ణించి వచ్చింది, ఎందుకు దాచారు, ఎవరికి దొరకాలని దాచారు, దొరికేందుకు ఏ గుర్తు పెట్టారు? నిధి అంటే మట్టిలో మొలిచేది కాదు. ఒక మనిషి ఒక రోజున ఒక కారణంతో చేసిన పని. ఆ మనిషిని అర్థం చేసుకుంటే నిధి దొరుకుతుంది, లేదా అసలు నిధే లేదని తేలుతుంది. రెండో ఫలితం కూడా జ్ఞానమే.

ఇప్పుడు మన ఊళ్లకి వద్దాం. లంకెబిందెలు అన్న మాట వినని తెలుగువాడు ఉంటాడా? కోట ఉన్న ప్రతి ఊళ్లో, పాడుబడ్డ గుడి ఉన్న ప్రతి ఊళ్లో లంకెబిందెలున్నాయంటారు. పాము కాపలా కాస్తుందంటారు. అంజనం వేస్తే కనిపిస్తాయంటారు. ఎదురుకాళ్లతో పుట్టినవాడి కంటికి అంజనం ఇంకా బాగా పనిచేస్తుందంటారు. అమావాస్య కావాలంటారు, కోడి కావాలంటారు, మేక కావాలంటారు. ఆ తర్వాత ఏం కావాలంటారో పత్రికల్లో చదువుతూనే ఉన్నాం.

ఈ నమ్మకంలో అన్ని వివరాలూ ఉన్నాయి గమనించారా? ఏ తిథి, ఏ దిక్కు, ఏ బలి, ఏ మంత్రం... అన్నీ ఉన్నాయి. లేనిదల్లా ఒక్కటే. దాచిందెవరు? ఎవరో రాజు, ఎప్పుడో, ఎందుకో. ఆ రాజు పేరేమిటో, ఆయన దగ్గర అంత సొమ్ము ఎలా ఉందో, మళ్లీ తీసుకోవడానికి ఆయన ఏ ఏర్పాటు చేసుకున్నాడో ఎవరూ అడగరు. తన బిందెల్ని తనే తీసుకోలేకుండా పాముని కాపలా పెట్టుకున్న రాజు ఎంత తెలివితక్కువవాడో కూడా ఎవరూ అడగరు!

ఈ ఒక్క ప్రశ్న అడగకపోతే పల్లెటూరి అమాయకులే కాదు, ప్రభుత్వాలు కూడా పలుగు పడతాయి. 2013 అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్ జిల్లా దౌండియాఖేడాలో ఏం జరిగిందో గుర్తుందా? శోభన్ సర్కార్ అనే సాధువుకి కలొచ్చింది. 1857 తిరుగుబాటులో పాల్గొన్నందుకు బ్రిటిష్‌వాళ్లు ఉరితీసిన రాజా రావ్ రామ్‌బక్ష్ సింగ్ కోట కింద 1000 టన్నుల బంగారం ఉందట. ఒక కేంద్ర సహాయమంత్రి ఆ విషయంలో ఆసక్తి చూపారు. భారత పురావస్తు శాఖ తవ్వకం మొదలుపెట్టింది. కలని నమ్మి కాదు, భూగర్భ సర్వే వాళ్లిచ్చిన నివేదికని బట్టే తవ్వుతున్నామని ఆ శాఖ వివరణ ఇచ్చుకుంది. టీవీల వాళ్లు గుడారాలేసుకుని కూర్చున్నారు. దుకాణాలు వెలిశాయి. నవంబరు నాటికి దొరికినవి కుండపెంకులు, గాజుముక్కలు, మేకుల్లాంటివి. పురావస్తు శాస్త్రానికి అవి విలువైనవే. బంగారం మాత్రం గుండుసూదంత కూడా లేదు.

మిస్ మార్పుల్ లాగా ఒక కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చుందాం. 1000 టన్నులంటే పది లక్షల కిలోలు. అదే 2013లో మొత్తం భారతదేశపు రిజర్వు బ్యాంకు దగ్గరున్న బంగారం సుమారు 558 టన్నులు. అంటే గంగ ఒడ్డున ఒక తాలూకాదారు దగ్గర దేశం మొత్తం నిల్వకి దాదాపు రెట్టింపు ఉందన్నమాట! సరే, ఉందనుకుందాం. ఆ కోటకి ఎలా చేరింది? ఎడ్లబండికి ఒక టన్ను వేసినా వెయ్యి బళ్లు. ఎడ్లతో కలిపి బండికి ఎనిమిది మీటర్లు వేసుకుంటే ఎనిమిది కిలోమీటర్ల బారు. ఈ ఊరేగింపుని ఎవరూ చూడలేదా? చూసి ఎవరూ రాసుకోలేదా? రాజుని ఉరితీసి ఆస్తి జప్తు చేసుకున్న బ్రిటిష్‌వాళ్లకి ఒక్క గూఢచారీ చెప్పలేదా? అంత బంగారమున్న రాజు దాంతో సైన్యాన్ని కొనకుండా నేలలో పాతిపెట్టి ఉరికంబం ఎక్కాడా?

ఐదు నిమిషాల పని ఇది. దీనికి పురావస్తు శాస్త్రం తెలియక్కర్లేదు. హేతువాద సంఘంలో సభ్యత్వం కూడా అక్కర్లేదు. "దాచిందెవరు" అని అడిగే అలవాటుంటే చాలు.

ఉత్తరాది సంగతి మనకెందుకంటారేమో! 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటలో గుప్తనిధుల కోసం తవ్వకాలు జరిగాయి. దొంగచాటుగా కాదు, ప్రభుత్వ అనుమతితో, అధికారుల సమక్షంలో. ఆ వార్తలు చాలా రోజులు నడిచాయి. బంగారం రాలేదు.

తమాషా ఏమిటంటే మన చట్టం మాత్రం సరైన ప్రశ్నే అడుగుతుంది. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం, పది రూపాయలకి మించిన విలువ చేసే నిక్షేపం దొరికితే కలెక్టరుకి తెలియజేయాలి. కలెక్టరు ప్రకటన ఇచ్చి, హక్కుదారులెవరైనా ఉంటే రమ్మని పిలవాలి. విచారణలో తేల్చాల్సిన వాటిల్లో ఒకటి: సాధ్యమైనంతవరకు, ఈ నిక్షేపాన్ని దాచిందెవరు, ఏ పరిస్థితుల్లో దాచారు? నూట నలభై ఏళ్ల పైబడిన చట్టం అడిగిన ప్రశ్నని మన మంత్రగాళ్లూ, వాళ్ల వెనక తిరిగే చదువుకున్నవాళ్లూ అడగడం లేదు.

నిజంగా నిధి దొరికిన చోట కూడా ఇదే కనిపిస్తుంది. 2011లో తిరువనంతపురం పద్మనాభస్వామి గుడి నేలమాళిగల్లో అంత సంపద బయటపడింది కదా! అది కలలో కనపడి దొరకలేదు, అంజనం వేస్తే దొరకలేదు. టి.పి. సుందరరాజన్ అనే మాజీ ఐపీఎస్ అధికారి కోర్టుకెక్కితే, కోర్టు ఆజ్ఞ మీద జాబితా తీస్తుంటే బయటపడింది. దాచిందెవరో, ఎన్ని తరాలుగా ఎలా చేరిందో చెప్పడానికి తాటాకు దస్తావేజులున్నాయి. నిజమైన నిధికి లెక్కలుంటాయి. లెక్కలేని నిధికి పాములుంటాయి! ఆ తర్వాత కొద్ది వారాలకే డెబ్బై ఏళ్ల సుందరరాజన్ గారు చనిపోతే నేలమాళిగ శాపం తగిలిందన్న వాళ్లూ ఉన్నారు. డెబ్బై ఏళ్ల మనిషి చనిపోవడానికి శాపం కావాలా?

మళ్లీ కథల్లోకి వద్దాం. ఈ రకం కథలు అలవాటుని ఎలా నేర్పుతాయి? వాటికొక ఒప్పందం ఉంది. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే రచయిత డిటెక్టివ్ కథలకి పది నియమాలు రాశాడు. రెండో నియమం: దయ్యాలు, దైవశక్తులు, అతీతశక్తులు పరిష్కారంలోకి రాకూడదు. ఇంకో నియమం: రహస్య గది గానీ సొరంగం గానీ ఒకటి మించి ఉండకూడదు. డిటెక్టివ్‌కి దొరికిన ప్రతి ఆధారమూ పాఠకుడికి కూడా వెంటనే చూపించాలన్నది మరో నియమం. ఇందులో గొప్ప సంగతేమిటంటే ఈ నాక్స్ నాస్తికుడు కాదు, కాథలిక్ మతాచార్యుడు! ఆదివారం ప్రార్థనలో అద్భుతాలని నమ్మేవాడు కూడా చిక్కుముడి విప్పేటప్పుడు అద్భుతం పనికిరాదని ఒప్పుకున్నాడు. పాఠకుణ్ణి మోసం చేయకుండా ఉండాలంటే ఆధారాలు చూపించాలి, ఆ ఆధారాలు ఈ లోకంలోవే అయ్యుండాలి. మనం సభల్లో గొంతు చించుకునేది దీని గురించే కదండీ!

క్రిస్టీ కూడా అతీతశక్తుల కథలు కొన్ని రాసింది. 1933లో వచ్చిన "ది హౌండ్ ఆఫ్ డెత్" సంపుటంలో చాలావరకు అవే. కానీ మిస్ మార్పుల్ చిక్కుముడులు విప్పడానికి దయ్యాన్ని పిలవలేదు. ఆ సరిహద్దు ముఖ్యం.

మనకి ఆ సరిహద్దు చెరిగిపోయింది. యండమూరి "తులసిదళం"లో వైద్యమూ మంత్రమూ పక్కపక్కనే నడుస్తాయి. కాష్మోరా లేదని గట్టిగా అనలేం, ఉందేమోనన్న భయం పాఠకుడి వెంట ఇంటికి వస్తుంది. దాని మీద రంగనాయకమ్మ గారు "తులసిదళం కాదు, గంజాయి దమ్ము" అని పుస్తకమే రాశారు. రచయిత చేయి తిరిగినవాడే, పాఠకుడు ఊపిరి బిగబట్టి చదువుతాడు. కానీ ఉత్కంఠ వేరు, వివరణ ఎగ్గొట్టడం వేరు. క్షుద్రశక్తుల నవలల్ని తిట్టినంతగా, సరైన వివరణ ఇచ్చే సరదా కథల్ని మనం మెచ్చుకోలేదు, రాయించలేదు, అనువదించుకోలేదు. జనానికి వినోదం కావాలి. మనం పాఠం మాత్రమే ఇస్తే వినోదం కోసం కాష్మోరా దగ్గరికి పోతారు. తప్పు వాళ్లదొక్కళ్లదేనా?

ఇక అభ్యంతరాలు.

మొదటిది. డిటెక్టివ్ కథలు చదివితే హేతువాదులైపోతారా? కారు. చదివినవాళ్ల మాట అటుంచి, రాసినవాళ్లే కాలేదు. షెర్లాక్ హోమ్స్‌ని సృష్టించిన కోనన్ డాయల్ ఆత్మలతో మాట్లాడొచ్చని నమ్మాడు. ఇంగ్లండులో కాటింగ్లీ అనే ఊళ్లో 1917లో ఇద్దరు ఆడపిల్లలు యక్షిణులతో ఫొటోలు దిగామని చూపిస్తే నిజమేనన్నాడు. 1922లో దాని మీద ఒక పుస్తకం కూడా వేశాడు. అవి కత్తిరించిన కాగితపు బొమ్మలని, టోపీకి గుచ్చే సూదులతో నిలబెట్టామని ఆ పిల్లలు ముసలివాళ్లయ్యాక 1983లో ఒప్పుకున్నారు. చూడండి, డాయల్ అడగని ప్రశ్న కూడా అదే. ఫొటో నిజమైనదా కాదా అని నిపుణుల్ని అడిగారు గానీ, తీసిందెవరు, పెద్దవాళ్లని ఆటపట్టించాలని వాళ్లకి అనిపించదా అని ఆయన గట్టిగా అడగలేదు. మిస్ మార్పుల్ అయితే మొదట అదే అడిగేది! కాబట్టి కథ ఒక్కటే చాలదు. కథలో నేర్చుకున్న ప్రశ్నని కథ బయటికి తెచ్చుకోవాలి. ఈత పుస్తకంలో నేర్చుకోలేం నిజమే, అలాగని చెరువుని చూసి భయపడేవాడికి ముందు నీళ్లంటే ఇష్టం కలగాలి కదా!

రెండోది ఇంకా బలమైనది. ఈ కథలన్నీ డబ్బున్నవాళ్ల ఇళ్లలో నడుస్తాయి. మాథ్యూ అంకుల్‌కి అంత డబ్బు ఎక్కణ్ణించి వచ్చిందో, ఆ తోట పని ఎవరు చేశారో కథకి పట్టదు. నిజం. ఒప్పుకోవాల్సిందే. కానీ నేను చెప్పిన ప్రశ్నని ఇంకో మెట్టు పైకి తీసుకెళ్లండి. "దాచిందెవరు" తర్వాత "కూడబెట్టిందెవరు, కోల్పోయిందెవరు" అని అడగండి. విల్కీ కాలిన్స్ 1868లోనే "ది మూన్‌స్టోన్" నవలలో ఆ మెట్టెక్కాడు. అందులోనూ ప్రేమ కథుంది, మాయమైన వజ్రముంది, హాస్యముంది. ఆ వజ్రం 1799లో శ్రీరంగపట్నం కోట పడినప్పుడు ఒక ఇంగ్లీషు అధికారి హత్య చేసి దోచుకున్నదని కథ మొదట్లోనే చెప్తాడు. సరదా కథ కూడా దోపిడీ గురించి నిజం చెప్పగలదు. చెప్పనప్పుడు మనం అడగగలం.

మూడోది. నరబలులు జరుగుతుంటే ఈ తేలిక కథలేమిటి? ఇది బరువైన మాట. 2013 ఆగస్టు 20న పుణెలో నరేంద్ర దభోల్కర్‌ని కాల్చి చంపారు. ఆ డిసెంబరులో మహారాష్ట్ర శాసనసభ దురాచారాల నిరోధక చట్టం చేసింది. అందులో నిషేధించిన పనుల జాబితాలో విలువైన వస్తువుల కోసం, నిధుల కోసం చేతబడి పేరుతో చేసే అమానుష చర్యలు విడిగా ఉన్నాయి. అంటే నిధి వేట అనేది చట్టంలో పేరుపెట్టి రాయాల్సినంత ప్రమాదం. 2017లో కర్ణాటక కూడా చట్టం చేసింది. తెలుగు రాష్ట్రాల్లోనూ అలాంటి చట్టం కావాలని హేతువాద, జనవిజ్ఞాన సంఘాలు అడుగుతూనే ఉన్నాయి. ఆ పోరాటం జరగాల్సిందే. దభోల్కర్ ప్రాణమిచ్చిన పనికి ఓ ప్రేమ కథ ప్రత్యామ్నాయం అని నేననడం లేదు.

కానీ చట్టం వచ్చేది తవ్విన తర్వాత, కోసిన తర్వాత. అంతకు ముందు, లంకెబిందెల కబురు చెవిలో పడిన క్షణంలో, ఆ మనిషి బుర్రలో ఏ ప్రశ్న లేస్తుందన్నది చట్టం చేతుల్లో లేదు. ఆ క్షణానికి పనికొచ్చేది చిన్నప్పట్నించీ అబ్బిన అలవాటే. అలవాటు ఉపన్యాసంతో అబ్బదు, ఇష్టంతో అబ్బుతుంది.

ప్రేమ సంగతి మర్చిపోలేదు. ఈ కథల్లో ప్రేమ జంట ఊరికే అలంకారానికి ఉంటుందనుకుంటారు. "స్ట్రేంజ్ జెస్ట్"లో అలా కాదు. అందులో పెద్ద తప్పుడు ఆధారం ప్రేమలేఖలే. ఎందుకు పనిచేసింది? చదివేవాళ్లు ప్రేమలో ఉన్నారు కాబట్టి. తమ మనసులో ఏముందో దాన్నే కాగితం మీద చూశారు. మోసమెప్పుడూ మన తెలివితక్కువతనం మీద కాదు, మన ఆశ మీద గురిపెడుతుంది. బోర్లు ఎండి, అప్పులు పెరిగి, కూతురి పెళ్లి నెత్తిమీదున్న రైతుకి మంత్రగాడు చెప్పేది లంకెబిందెల కథ కాదు, అప్పు తీరే కథ. రైస్ పుల్లింగ్ చెంబు పట్టుకొచ్చేవాడు పట్నంలో ఉద్యోగికి అమ్మేది రాగిచెంబు కాదు, సొంతింటి కల. కాబట్టి మోసపోయినవాణ్ణి చూసి నవ్వకండి. మిస్ మార్పుల్ కూడా ఆ పిల్లల్ని చూసి నవ్వలేదు. మనసు కరిగినప్పుడే రెండోసారి చూడాలని మాత్రం చూపించింది. వాళ్ల ప్రేమ చెడలేదు సరికదా, ఇల్లు కూడా నిలబడింది. హేతువాదం మనుషుల్ని మోళ్లుగా మార్చేస్తుందనేవాళ్లకి నేనిచ్చే జవాబు ఆ ముసలావిడే.

అందుకని ఒక పని చేద్దాం. మన అధ్యయన తరగతుల్లో, పిల్లల సెలవు శిబిరాల్లో ఇలాంటి ఒక కథ చదివి వినిపిద్దాం. గాజుముక్కలు నమిలి, నిప్పుల మీద నడిచి చూపించే కార్యక్రమాల పక్కనే ఒక గంట దీనికివ్వండి. పరిష్కారం రాకముందు ఆపెయ్యండి. పిల్లలకి కాగితాలిచ్చి "ఎక్కడుంది" అని కాదు, "దాచినవాడు ఎలాంటివాడు, ఎందుకు దాచాడు" అని రాయమనండి. తర్వాత మీ ఊరి కోట గురించో గుట్ట గురించో చెప్పుకునే లంకెబిందెల కథ తీసుకుని అదే ప్రశ్న వాళ్ల చేతే అడిగించండి. ఏ రాజు? ఏ కాలం? అంత సొమ్ము ఎలా వచ్చింది? తను మళ్లీ ఎలా తీసుకుందామనుకున్నాడు?

చివరికి మిగిలే ప్రశ్నని వాళ్లంతట వాళ్లే అడుగుతారు, మనం చెప్పక్కర్లేదు: చోటు తెలిసిన మంత్రగాడు తనే తవ్వుకోకుండా మన పదివేలెందుకు అడుగుతున్నాడు?